ఎవరూ లాగిన్ కాకపోయినా నడవాలి

ఏలూరులో నేను పనిచేసిన బ్లడ్ బ్యాంకులో ఒక గది ఉండేది. తలుపు మీద "కంప్యూటర్ రూమ్, అన్యులకు ప్రవేశం లేదు" అని రాసి ఉండేది. ఆ అన్యుల్లో నేనూ ఒకదాన్ని. అయితే ఆ గదిలోని కంప్యూటర్లో ఉన్న ప్రతి దాత పేరూ, ఊరూ, బ్లడ్ గ్రూపూ నా వేళ్ళతో ఎక్కించినవే. ముందు హాల్లో ఉన్న కంప్యూటర్ దగ్గర కూర్చుని నేను టైపు చేస్తే, అవన్నీ కేబులు గుండా వెళ్ళి లోపలి కంప్యూటర్లో చేరేవి.

రెండు వేల సంవత్సరం దాటిన మూడు నాలుగేళ్ళ నాటి మాట. మాది మండవల్లి పక్కన చిన్న ఊరు. నాన్న మిషన్ బడిలో టీచరుగా చేశారు. అమ్మ ఊడ్పులకీ కోతలకీ వెళ్ళేది. టీచరు గారి భార్యవి, నీకెందుకు ఈ పని అని ఎవరన్నా అంటే, నా చేతులు నావే కదండీ అనేది. నేను ఏలూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాను, ఇంకో ఏడాది కంప్యూటర్ కోర్సు చేశాను. ఆ తర్వాత ఒక ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న బ్లడ్ బ్యాంకులో డేటా ఎంట్రీ ఆపరేటర్‌గా చేరాను.

నేను చేరేసరికి దాతల వివరాలన్నీ అట్ట కార్డుల మీద ఉండేవి. కొల్లేరు లంక గ్రామాల్లో క్యాంపులు పెట్టినప్పుడు రాసిన కార్డులకి చేపల వాసన ఉండేది. ఫోన్ నంబరు అని ఉన్నచోట చాలామంది ఊళ్ళో ఉన్న ఎస్‌టీడీ బూతు నంబరు ఇచ్చేవారు. "పిలిస్తే వచ్చి మాట్లాడతాడు" అని పక్కన రాసి ఉండేది. అవన్నీ ఎక్కించడానికి నాకు ఏడు నెలలు పట్టింది. ఎక్కించడం పూర్తయిన వారంలోనే మా మేనేజరు గారు కార్డులన్నీ గోనెసంచుల్లో కట్టించి పాత కాగితాలవాడికి వేసేశారు. కంప్యూటర్ వచ్చాక చెత్త దేనికి అన్నారు.

మేనేజరు గారి గురించి చెప్పాలి. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. కంప్యూటర్ గది తాళం ఆయన మొలతాడుకి వేలాడుతుందని మా నర్సులు నవ్వుకునేవారు. ఆ కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ కూడా ఆయనకి ఒక్కరికే తెలుసు. పొద్దున్నే వచ్చి ఆయన లాగిన్ అయితే తెర మీద ఒక నల్ల కిటికీ తెరుచుకునేది. విజయవాడ నుంచి వచ్చిన కంపెనీ ఇంజినీరు అలా పెట్టి వెళ్ళాడు. దాతల వివరాలన్నీ దాచిపెట్టి, అడిగినప్పుడు వెతికి ఇచ్చే డేటాబేస్ ఇంజిన్ ఆ నల్ల కిటికీలోనే నడిచేది. కిటికీ తెరిచి ఉన్నంతసేపే ఇంజిన్ బతికి ఉంటుంది. ఎవరైనా పొరపాటున మూసినా, ఆయన లాగాఫ్ అయి వెళ్ళినా, ఇంజిన్ ఆగిపోతుంది. అప్పుడు ముందు హాల్లో నేను ఎంత కొట్టుకున్నా "సర్వర్ అందుబాటులో లేదు" అన్న ఒకే మాట వచ్చేది. మానిటర్ అంచుకి ఆయన కాగితం అంటించారు: "ఈ నల్ల కిటికీ మూయరాదు."

సాయంత్రం ఆరింటికి మాత్రం ఆయనే మూసేవారు. సిస్టమ్ మూసి ఇంటికెళ్ళడం నా పద్ధతి అనేవారు. ఆదివారం అసలు తెరిచేవారు కాదు. అంటే రక్తం అవసరం పడేవాళ్ళు ఆఫీసు వేళలు చూసుకుని రావాలన్నమాట. అవసరం పడి కబురు పంపితే ఎన్నోసార్లు స్కూటరేసుకుని వచ్చి తెరిచారు కూడా. ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

ఒక గురువారం పదకొండు గంటలకి, మండవల్లి వైపు లంక గ్రామం నుంచి ఒక అమ్మాయిని ఆసుపత్రికి తీసుకొచ్చారు. కాన్పు ఇంటి దగ్గరే అయింది, బిడ్డ బాగానే ఉంది, తల్లికి మాత్రం రక్తం ఆగడం లేదు. గట్టు దాకా పడవలో, అక్కడి నుంచి చేపల లోడు వ్యానులో తెచ్చారట. గ్రూపు ఓ నెగెటివ్. మా ఫ్రిజ్‌లో ఆ గ్రూపు సంచీ ఒక్కటే ఉంది. అది పంపించేశాం. ఇంకొకటి తప్పకుండా కావాలని లేబర్ వార్డు నుంచి డాక్టరమ్మ గారే ఫోన్ చేశారు. ఆవిడ ప్రసూతి డాక్టరు, మా బ్లడ్ బ్యాంకుకి బాధ్యురాలు కూడా.

నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఓ నెగెటివ్ అని కొట్టాను. సర్వర్ అందుబాటులో లేదు. మేనేజరు గారు నల్లజర్లలో పెళ్ళికి వెళ్ళారు. వెళ్ళేముందు పద్ధతిగా లాగాఫ్ అయ్యారు, పద్ధతిగా తాళం వేశారు. సెల్‌ఫోన్ చేస్తే అందుబాటులో లేరు. కార్డులు చూద్దామంటే అవి ఏ కిరాణా కొట్టులో పొట్లాలయ్యాయో తెలీదు.

ఆ అమ్మాయి వాళ్ళమ్మ మా కౌంటర్ ముందే నిలబడింది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి. "ఏవండీ, మీ పెట్టెలో పేర్లున్నాయని చెప్పారండి. చూసి చెప్పండమ్మా, ఎంత దూరమైనా ఎవర్నన్నా పంపిస్తాం," అంది.

పేర్లు ఉన్నాయి, కానీ తాళం లేదని ఆవిడకి ఎలా చెప్పను?

కళ్ళు మూసుకుని నేను టైపు చేసిన కార్డుల్ని గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టాను. ఓ నెగెటివ్ వాళ్ళు కొద్దిమందే. వాళ్ళలో ఒకాయన అడ్రసు నాకు గుర్తుండిపోయింది, ఎందుకంటే ఇంటి నంబరు రాసేచోట "తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్, మూడో షెడ్డు" అని ఉండేది. బస్తాలు మోసే ముఠాలో మనిషి. పేరూ నంబరూ గుర్తులేవు. టెలిఫోన్ డైరెక్టరీ తీసి, తాడేపల్లిగూడెం పేజీల్లో ఉల్లిపాయల కమీషన్ షాపులకి వరసగా ఫోన్ చేశాను. మొదటివాళ్ళు ఎత్తలేదు. రెండోవాళ్ళు రాంగ్ నంబరని పెట్టేశారు. మూడో షాపాయన విన్నాడు.

"మూడో షెడ్డు ముఠాలో రక్తం ఇచ్చే మనిషండీ, ఏలూరు క్యాంపులో ఇచ్చారు, చెవికి దుద్దు ఉంటుందండి," అన్నాను. దుద్దు సంగతి నేను కల్పించలేదు. క్యాంపు రోజు నేనే ఆయన వివరాలు రాసుకున్నాను.

"ఉన్నాడండీ, లారీ మీదున్నాడు. ఉండండి, పిలుస్తా," అన్నాడాయన. ఫోన్‌లో మార్కెట్ గోలంతా వినబడింది. తర్వాత రొప్పుతున్న గొంతు.

"చెప్పండమ్మా."

"ఏలూరు బ్లడ్ బ్యాంకు నుంచండీ. ఓ నెగెటివ్ కావాలండీ. కాన్పు కేసు."

"ఎన్నింటికల్లా రావాలండి?"

"ఇప్పుడే బయల్దేరగలరా అండీ?"

"బనీను మీదున్నానండి. చొక్కా తగిలించుకుని వచ్చేస్తా," అన్నాడు.

బస్సు దిగి ఒంటిగంటన్నరకి వచ్చాడు. భుజాల మీద ఉల్లి పొరలు ఇంకా అంటుకునే ఉన్నాయి. రక్తం తీశారు, పరీక్షలు చేశారు, సంచీ వార్డుకి వెళ్ళింది. ఆ అమ్మాయి బతికింది. వాళ్ళమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఏ ఊరు బాబూ, ఎవరబ్బాయివి బాబూ అని అడుగుతుంటే, ఆయన సిగ్గుపడి, సాయంత్రం లోడు ఉందండి, వెళ్ళాలండి అని బిస్కెట్ ప్యాకెట్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అందరూ నన్ను మెచ్చుకున్నారు, నీ జ్ఞాపకశక్తి గొప్పదన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి ప్రాణం నా జ్ఞాపకశక్తి మీద ఆధారపడటానికా నేను ఏడు నెలలు టైపు చేసింది? ఆ రోజు నాకు జ్వరం వచ్చి సెలవు పెట్టి ఉంటే?

మర్నాడు డ్యూటీ దిగాక పవర్‌పేటలో ఒక నెట్ సెంటర్‌కి వెళ్ళాను. ఎవరూ లాగిన్ కాకపోయినా ఆ ఇంజిన్ నడిచే దారి ఉందా అని వెతికాను. ఉంది. దాన్ని సర్వీసుగా పెట్టాలి. సర్వీసు అంటే కరెంటు వచ్చి కంప్యూటర్ లేవగానే, ఎవరూ పాస్‌వర్డ్ కొట్టకుండానే, తనంతట తాను లేచి తెర వెనక పనిచేసుకునే ప్రోగ్రాము. ఏ కిటికీ అక్కర్లేదు. మా కంప్యూటర్లోనే అలాంటివి ఇరవై ముప్ఫై అప్పటికే నడుస్తున్నాయట. పదకొండు పేజీలు ప్రింట్ తీయించుకుని, కైకలూరు బస్సులో చేపల చెరువుల గట్లు దాటుతూ ఇల్లు చేరేదాకా చదివాను. ఇంగ్లీషు కొంత అర్థమైంది, కొంత కాలేదు. అర్థమైనంతలో అది ఒక పూట పని.

శనివారం మేనేజరు గారి దగ్గరికి వెళ్ళాను.

"సార్, మీరు లాగాఫ్ అయితే ఇంజిన్ ఆగిపోతోందండి. దాన్ని సర్వీసుగా పెడితే ఇక ఆగదండి."

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

"చదివానండి."

"చదివారా?" అన్నారు. మా వైపు కోపం వస్తే నువ్వు నుంచి మీరుకి ఎక్కుతారు. "చాలా మంచిదండి. చదువుకోండి. మిషన్ మాత్రం ముట్టుకోకండి. తమరు టైపు కొట్టడానికి వచ్చారండీ, ఇంజినీరుగా రాలేదు. రేపు అది పాడైతే కంపెనీవాళ్ళు నన్నడుగుతారు, మిమ్మల్ని కాదు."

"మొన్న ఆ అమ్మాయి పోయుంటే, సార్?"

ఆయన ఫైలు తిప్పుతూనే, "పోలేదు కదా," అన్నారు.

ఆ రెండు మాటలే లేకపోతే నేను ఊరుకునేదాన్నేమో. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదని పెరిగినదాన్ని. నాన్న బడిలోనూ అదే చెప్పేవారు, చర్చిలోనూ అదే విన్నాను. కానీ ఆ "పోలేదు కదా" విన్నాక ఆగలేకపోయాను. తిన్నగా డాక్టరమ్మ గారి గదికి వెళ్ళాను.

ఆవిడ అంతా విని, "నాకు ఈ కంప్యూటర్ల గొడవ తెలీదమ్మా. పాడైతే ఏం చేస్తావు?" అన్నారు.

"ముందు మొత్తం సీడీల్లోకి కాపీ తీస్తానండి. పాడైతే మళ్ళీ పెడతాను. పెట్టలేకపోతే నన్ను పంపించెయ్యండి. ఏడు నెలల పని నాదేనండి, దాన్ని పాడుచేసుకుంటానా?"

ఆవిడ లేచి, అల్మరా తీసి, ఒక కవరూ ఒక తాళంచెవీ బల్ల మీద పెట్టారు. కవర్లో ఇంజినీరు అప్పగించిన అసలు పాస్‌వర్డ్ ఉంది. ఇన్నాళ్ళూ అక్కడే ఉందది; గురువారం వార్డులో ఉన్న ఆవిడకి మా సర్వర్ ఆగిన సంగతి తెలీదు, నాకు ఈ కవరు సంగతి తెలీదు. మేనేజరు గారికి సోమవారం నేను చెబుతాను, నువ్వు రేపు చేసుకో అన్నారు.

ఆ రాత్రికి ఏలూరులోనే ఉండిపోతానని, మా పక్కింటికి ఫోన్ చేసి అమ్మని పిలిపించాను.

"ఆదివారం ఆరాధన మానేసి మిషన్ ముందు కూర్చుంటావా?" అంది.

"వచ్చే వారం వస్తానమ్మా."

"ఆ పని నిన్ను చెయ్యమన్నారా, వద్దన్నారా?"

"వద్దన్నారు."

"ఎందుకూ?"

"టైపు కొట్టేదాన్నని."

"అయితే చేసే రా," అని ఫోన్ పెట్టేసింది.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి ఆ గది తలుపు తీశాను. లోపల ఏసీ చల్లదనం, దుమ్ము వాసన. ఇంజిన్ ఎలాగూ ఆగే ఉంది. నెగెటివ్ గ్రూపులవాళ్ళ పేర్లూ నంబర్లూ శనివారమే రెండు పేజీలు ప్రింట్ తీసి కౌంటర్లో పెట్టి వచ్చాను. ముందు మొత్తం సీడీల్లోకి కాపీ తీశాను, రెండు సెట్లు. తర్వాత ఒక చిన్న సెట్టింగుల ఫైలు రాశాను. అందులో ముఖ్యంగా రెండు లైన్లు: ఇంజిన్ ఎక్కడుంది, దాని సమాచారం ఎక్కడుంది. సమాచారం డి డ్రైవులో బ్లడ్ అనే ఫోల్డర్లో ఉండేది. ఆ తర్వాత ఇన్‌స్టాల్ అని ఆజ్ఞ ఇస్తే, సర్వీసు ఇన్‌స్టాల్ అయిందని ఒక్క లైను వచ్చింది. సర్వీసుల జాబితాలో మా ఇంజిన్ పేరు కనబడింది. ఇంతేనా అనుకున్నాను.

స్టార్ట్ నొక్కాను. నీలం గీత సగం దాకా వెళ్ళి ఆగింది. అనుకోకుండా ప్రక్రియ ఆగిపోయింది అని ఒక పెట్టె వచ్చింది, కింద ఎర్రర్ నంబరు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. తీసేసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే. పదకొండు పేజీలూ మొదటి నుంచి చదివాను, అక్షరం అక్షరం సరిచూశాను. పదకొండున్నర అయింది. నా వీపు మీద చెమట ఆ ఏసీలో ఐసులా ఉంది. మేనేజరు గారి లాగిన్లో ఉన్న పాత నల్ల కిటికీ నేనేం కదపలేదు, కాబట్టి సోమవారం ఆయన వస్తే పాత పద్ధతిలో నడుస్తుంది. ఎవరికీ తెలియకుండా తాళం వేసి వెళ్ళిపోవచ్చు. నిజం చెప్పాలంటే కుర్చీలోంచి లేచాను కూడా.

లేచి, కౌంటర్ దగ్గరికి వెళ్ళి మంచినీళ్ళు తాగాను. తిరిగి వచ్చి ప్రింట్లలో పదో పేజీ చూశాను. సర్వీసుగా లేవకపోతే, ఏం జరుగుతోందో కళ్ళతో చూడటానికి ఒకసారి మామూలు కిటికీలో, అదే సెట్టింగుల ఫైలుతో నడిపి చూడమని అందులో ఉంది. అలాగే నడిపాను. ఒక లైను వచ్చి ఆగిపోయింది. ఫలానా ఫోల్డర్లోకి వెళ్ళలేకపోతున్నానని. ఆ ఫోల్డరు పేరు చూస్తే బ్లడ్ లేదు. అందులో బి అక్షరం లేదు. ఇంగ్లీషు స్పెల్లింగులో డి తర్వాత లూడ్ అని మిగిలింది.

నేను రాసిన ఫైలు మళ్ళీ తెరిచాను. అందులో బి ఉంది. మరి ఎవరు తినేశారు? ఆ పదకొండు పేజీల్లో, చివర, చిన్న అక్షరాల్లో దొరికింది జవాబు. ఆ సెట్టింగుల ఫైల్లో ఎడమకి వాలిన గీత పక్కన బి వస్తే, అది అక్షరం కాదు, ఒక అక్షరం వెనక్కి చెరుపు అనే ఆజ్ఞ. ఇంజిన్ నా మాట తు.చ. తప్పకుండా పాటించి వెనక్కి చెరిపేసింది. గీత కుడివైపుకి వాలాలి. అంతే. ఒక్క గీత వాలు మార్చాను.

స్టార్ట్ నొక్కాను. నీలం గీత చివరిదాకా వెళ్ళింది. జాబితాలో మా ఇంజిన్ పక్కన స్టార్టెడ్ అని పడింది. ఆటోమేటిక్ అని ఎంచి, కంప్యూటర్‌ని మొత్తం ఆపి మళ్ళీ లేపాను. పాస్‌వర్డ్ అడుగుతూ తెర నిలబడింది. ఏమీ కొట్టలేదు. తలుపు వేసి, తాళం వేసి, ముందు హాల్లోకి దాదాపు పరుగెత్తాను. ఓ నెగెటివ్ అని కొట్టాను. ఒకరి తర్వాత ఒకరు పేర్లు తెర మీదకి దిగాయి. లోపల తాళం వేసిన గదిలో, ఎవరూ లాగిన్ కాని కంప్యూటర్లోంచి. ఆ మధ్యాహ్నం డ్యూటీ నర్సుకి నేనెందుకు ఏడుస్తున్నానో అర్థం కాలేదు.

ఒక్క సంగతి మరిచిపోయాను. సోమవారం తొమ్మిదింటికి, డాక్టరమ్మ గారు ఇంకా రాకముందే, మేనేజరు గారు వచ్చి లాగిన్ అయ్యారు. ఆయన లాగిన్లోని పాత నల్ల కిటికీ తెరుచుకోబోయి, ఇంజిన్ అప్పటికే నడుస్తోంది కాబట్టి, కన్నుమూసి తెరిచేలోగా మాయమైపోయింది. ఆయన కేక హాల్లోకి వినబడింది.

"కిటికీ రావట్లేదు! ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

"నేనేనండి," అన్నాను. "కిటికీ ఇక రాదండి. అక్కర్లేదండి. ఇంజిన్ నడుస్తోంది చూడండి." నా తెర మీద ఏ పేరు అడిగినా వస్తోంది. ఆయన నా తెర వైపు చూడలేదు.

మధ్యాహ్నానికి నా బల్ల మీద మెమో ఉంది. అనుమతి లేకుండా యంత్రాన్ని తాకి, సంస్థ ఆస్తికి ప్రమాదం కలిగించినందుకు ఎందుకు చర్య తీసుకోకూడదో మూడు రోజుల్లో రాయమని. నేను ఆ రోజే రాశాను, తెలుగులో, నా చేతిరాతతో. ఏం చేశానో, ఏ క్రమంలో చేశానో, కాపీలు ఎక్కడున్నాయో రాశాను. చివర, "ఇది పొరపాటున చేసింది కాదు. తెలిసి చేశాను" అని రాసి సంతకం పెట్టాను. పక్క సీటు అక్క చదివి, ఆ చివరి వాక్యం కొట్టెయ్యవే బాబూ అని బతిమాలింది. కొట్టెయ్యలేదు.

గురువారం విజయవాడ నుంచి ఇంజినీరు వచ్చాడు. డాక్టరమ్మ గారి గదిలో అందరం కూర్చున్నాం. నన్ను ఎవరూ కూర్చోమనకపోయినా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. డాక్టరమ్మ గారు ముందే, "తాళంచెవి ఇచ్చింది నేను. సోమవారం చెప్పడం ఆలస్యమైంది, ఆ తప్పు నాది," అన్నారు. ఇంజినీరు లోపలికి వెళ్ళి అంతా చూసి వచ్చాడు.

"పనిచేస్తోంది మేడమ్. కానీ మేము పెట్టింది కాదు కాబట్టి బాధ్యత మాది కాదు."

"పోయిన గురువారం బాధ్యత మీదేనా అండీ?" అన్నాను.

"ఏ గురువారం?" అన్నాడు. అతనికి తెలీదు పాపం. నేను చెప్పాను. పడవ, వ్యాను, తాళం, డైరెక్టరీ, అంతా. మేనేజరు గారు నేలవైపు చూస్తున్నారు. ఇంజినీరు గొంతు సవరించుకుని, సర్వీసుగా పెట్టడంలో తప్పేం లేదండి, చాలాచోట్ల అలాగే పెడతాం అన్నాడు. ఇక్కడెందుకు పెట్టలేదని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఒకేరోజు ఎంతమందితో తగువు?

అంతా లేచాక డాక్టరమ్మ గారు నన్ను ఆపారు. "పెద్దాయన మనసు నొచ్చుకుంది. ఒక్క సారీ చెప్పెయ్యమ్మా, అయిపోతుంది."

"ఆయనకి చెప్పకుండా చేసుంటే చెప్పేదాన్నండి. చెప్పాను, వద్దన్నారు, చేశాను. దానికి సారీ ఎలా చెప్పనండి?"

ఆవిడ నిట్టూర్చి, "సరే వెళ్ళు," అన్నారు.

ఇంజిన్ అలాగే ఉండిపోయింది, నేనే జరిగాను. ముందు హాల్లోని నా బల్లని వరండాలో, గుర్రుమనే పెద్ద ఫ్రిజ్ పక్కకి మార్పించారు మేనేజరు గారు. మాటలు ఆగిపోయాయి, ఏం కావాలన్నా చీటీ మీద రాసి ఆయాతో పంపేవారు. ఎనిమిది నెలలు అలా గడిచింది. వానపడితే నా కీబోర్డు మీద జల్లు పడేది, గొడుగు విప్పి పెట్టుకుని టైపు చేశాను. ఆ గొడుగు చూసి నర్సులు నవ్వితే నేనూ నవ్వాను. బల్ల ఎక్కడుంటేనేం?

ఆ వానల్లోనే కొల్లేరు పొంగి కైకలూరు రోడ్డు మీదకి నీళ్ళొచ్చాయి. కరెంటు రోజుకి పదిసార్లు పోయేది, వచ్చేది. పోయిన ప్రతిసారీ ఇంజిన్ పడిపోయేది, వచ్చిన ప్రతిసారీ ఎవర్నీ పిలవకుండా తనే లేచేది. లంక గ్రామాల నుంచి కేసులు ఏ వేళకి వచ్చినా కౌంటర్లో ఉన్న నర్సు తనే వెతుక్కునేది. మేనేజరు గారి స్కూటర్ సాయంత్రం ఆరు తర్వాత మళ్ళీ మా గేటు దగ్గర కనబడలేదు.

ఒకరోజు ఆయనే స్వయంగా వరండాలోకి వచ్చారు. గొడుగు వైపు చూడకుండా, "ఏవండీ, దాన్ని ఆపి మళ్ళీ లేపాలంటే ఎలాగండీ? మీరు లేనప్పుడు అవసరం పడితే," అన్నారు. నేను మొత్తం వరస నంబర్లతో తెలుగులో రాసిచ్చాను. చదువుకుని, ఒక చోట అర్థం కాక అడిగారు, చెప్పాను. వెనక్కి తిరుగుతూ, "పాత ఆఫీసులో ఒక మిషన్ కాలిపోతే నా మెడకి చుట్టారమ్మా. నేను ముట్టుకోనే లేదు దాన్ని," అన్నారు. నాకు ఆయన మీద జాలి కలిగింది. కోపం మాత్రం పోలేదు. ఆ భయానికి వార్డులో మనిషి ఎందుకు చావాలి?

మరుసటి ఏడాది తాడేపల్లిగూడెంలో రక్తం సేకరించే చిన్న కేంద్రం తెరిచారు. అక్కడికి వెళ్ళడానికి ఎవరూ ఒప్పుకోలేదు; నన్ను పంపమని మేనేజరు గారే రాశారట. శిక్ష అనుకుని రాశారో, చేతనైన మనిషని రాశారో ఈనాటికీ నాకు తెలీదు. నేను అడిగి తెలుసుకోలేదు. రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో రెండు గదులు. కొత్త కంప్యూటర్ పెట్టెల్లోంచి తీస్తుంటే కంపెనీ ఇంకో కుర్రాణ్ణి పంపింది, మెడలో ఐడీ కార్డు, కొత్త బూట్లు. అంతా బిగించి, డేటాబేస్ ఇంజిన్ ఎక్కించి, లాగిన్ అయ్యాడు. తెర మీద నల్ల కిటికీ తెరుచుకుంది.

"అయిపోయిందండి. ఈ కిటికీ మాత్రం మూయకండి," అన్నాడు.

"లేవండి," అన్నాను.

"ఏంటండీ?"

"కుర్చీలోంచి లేవండి. టీ తాగి రండి. ఒక్క అరగంట నేను కూర్చుంటాను."

"మేడమ్, మా సార్‌ని అడగాలండి..."

"అడగండి. ఈలోగా నేను మొదలుపెడతాను."

అతను ఫోన్ పట్టుకుని బయటికి వెళ్ళాడు. నేను సెట్టింగుల ఫైలు తెరిచి మొదటి లైను కొట్టడం మొదలుపెట్టాను. అతను తిరిగి వచ్చేసరికి నీలం గీత చివరిదాకా వెళ్ళిపోయింది.